తోడికోడలు కెలికిన సంగటి

తాడిపత్రి దగ్గర పల్లె నుంచి రాసిన ఈ సోదరికి 39 ఏళ్లు. ఉమ్మడి కుటుంబంలో పెద్ద కోడలు. ఏడాదిగా వేళ్ల కణుపులు, మణికట్లు వాస్తున్నాయి, పొద్దున లేస్తే పిడికిలి విప్పుకోలేకపోతున్నారు. అనంతపురంలో డాక్టరు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ల జబ్బని చెప్పి మెథోట్రెక్సేట్ మాత్ర రాశారట. ఇప్పుడు ఆరో వారం. "నొప్పి ఏమంత తగ్గలేదు. వారానికొకసారి వేసుకునే మాత్ర రోజూ వేసుకుంటే తొందరగా తగ్గుతుందా? అది క్యాన్సర్ మందని మా మరిది ఫోన్‌లో చూసి చెప్పినాడు. మా అత్త నాటుమందుకు పోదాం అంటాంది. ఏం చేయాల?" అని అడిగారు. చివర్లో, ప్రశ్నకు సంబంధం లేనట్టు, ఇంకో మాట రాశారు: "పోయిన వారం మా తోడికోడలు నా చేతిలోని తెడ్డు తీసుకుని తనే సంగటి కెలికింది. ఉండలు కట్టింది. మా మామ ఒక్క మాటా అనకుండా తిని లేచిపోయినాడు. ఆ రాత్రంతా ఏడ్చినా."

అమ్మా, మాత్ర సంగతి ముందు తేల్చేస్తాను. అందులో చర్చకేమీ లేదు. రోజూ వేసుకోకూడదు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే, అదీ డాక్టరు చెప్పిన రోజే. పొరపాటున రోజూ మింగినవాళ్లకు నోరంతా పుళ్లు పడి, ఎముక మజ్జ దెబ్బతిని, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొచ్చిన సందర్భాలున్నాయి. తొందరపడి ఇప్పటికే ఎక్కువ వేసుకుని ఉంటే, నా జవాబు తర్వాత చదువుకోవచ్చు, ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా రాసే ఉంటారు. అది బలం మాత్రే కదా అని వదిలేయకండి. ఈ మందు వల్ల వచ్చే నోటిపుళ్లు, వికారం తగ్గడానికే అది.

ఆరు వారాలకే నిరాశ దేనికి? ఇది నొప్పి మాత్ర కాదు, మింగిన గంటకు పనిచేయడానికి. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే దారి తప్పి కీళ్ల లోపలి పొర మీద పడుతోంది. దాన్ని మెల్లగా అణచాలి. మార్పు కనపడటానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టడం మామూలే, పూర్తి గుణం తెలియడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టొచ్చు. చాలామంది డాక్టర్లు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుతూ పోతారు. ఈలోగా నొప్పి భరించలేకపోతే ఆ మాటే డాక్టరుతో చెప్పండి. మందు పట్టు దొరికేదాకా కొన్నాళ్లు ఇవ్వడానికి వాళ్ల దగ్గర వేరే మందులుంటాయి. ఓర్చుకుని ఇంటికొచ్చి ఏడిస్తే వాళ్లకెలా తెలుస్తుంది?

మీ మరిది చెప్పింది సగం నిజం. క్యాన్సర్‌కూ ఇదే మందు వాడతారు, కానీ అక్కడ మోతాదు చాలా ఎక్కువ. కీళ్ల జబ్బుకు అమెరికాలో 1988లోనే అనుమతి వచ్చింది. ఈ రోజుకీ చాలామందికి మొదట రాసేది ఇదే. నాటుమందు మాత్రం వద్దు. కొందరిచ్చే పొడుల్లో స్టెరాయిడ్ కలుపుతారు. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే మహిమ అనుకుంటాం. తర్వాత ముఖం ఉబ్బుతుంది, షుగరొస్తుంది, ఎముకలు గుల్లవుతాయి. అత్తగారి మీద కోపం పెట్టుకోకండి, మీ అవస్థ చూడలేకే ఆమె ఆ మాట అంటోంది.

ఇక ఆ చివరి మాటకొద్దాం. రెండు పేజీల ఉత్తరంలో ఏడ్చానని మీరు రాసింది ఒక్కచోటే. వేళ్లు వాచినందుకు కాదు, రిపోర్టు చూసినప్పుడూ కాదు. తోడికోడలు చేసిన ఉండలు కట్టిన సంగటిని మామగారు మారు మాట్లాడకుండా తిన్నందుకు. ఆయన "ఇదేం సంగటి, పెద్ద కోడలు చేస్తే ఎట్లుంటాది" అని ఉంటే మీరు హాయిగా నిద్రపోయేవారు. అనలేదు. మీరు లేకపోయినా ఇల్లు నడిచిపోతుందని ఆ పూట మీకు తెలిసింది. మాత్ర రోజూ వేసుకోవాలన్న తొందర ఆ రాత్రే పుట్టిందని నా అనుమానం. ఆ ఇంటి నోళ్లు ఆమె వంటకు అలవాటు పడేలోపే మీరు మళ్లీ పొయ్యి దగ్గరికి పోవాలి. అందుకే పన్నెండు వారాలు మీకు పన్నెండేళ్లలా కనపడుతున్నాయి.

నాలుగ్గంటలకే లేచి, ఎవరూ చూడకుండా వేడినీళ్లలో చేతులు ముంచి, వేళ్లు కాస్త వంగాక వంటింట్లోకి పోతానని రాశారు. కుక్కర్ మూత మీ చిన్నవాడి చేత తీయిస్తారట, వాడు ఎవరికీ చెప్పడు కాబట్టి. ఎవరి నుంచి దాస్తున్నట్టు? అత్తమామలకు జబ్బు సంగతి తెలుసు. మీ ఆయనకూ తెలుసు, ఆసుపత్రికి బండి మీద తీసుకెళ్లింది ఆయనే. మిగిలింది తోడికోడలు ఒక్కతే. ఆమె ముందు ఓడిపోకూడదు, అంతే కదా!

నాకు మొహమాటం లేదు కాబట్టి చెబుతున్నాను. ఇన్నేళ్లూ మీరు చాకిరీనే పెత్తనం అనుకున్నారు. పదిమందికి సంగటి కెలికి, రోట్లో పచ్చడి నూరి, ఆఖరున తినే మనిషి ఇంటికి పెద్ద కోడలు ఎలా అవుతుంది? ఏ పని ఎవరు చేయాలో చెప్పగలిగినప్పుడు అవుతుంది. వాచిన కీలుతో కుండలో తెడ్డు తిప్పడమంటే ఆ మణికట్టును మీ చేతులారా పాడుచేసుకోవడమే. మందు దాని పని అది చేస్తుంది. మీరు రోజూ దానికి ఎదురు పని చేస్తే ఎట్లా?

తోడికోడలిని మీరు మంచిదనీ రాయలేదు, చెడ్డదనీ రాయలేదు. ఆమె పేరెత్తడమే మీకిష్టం లేదు. కానీ తెడ్డు అందుకునేటప్పుడు ఆమె అన్నమాట మీరే రాశారు: "అక్కా, నువ్వు కూర్చో." ఈ మాటను మీరు లాక్కోవడంగా విన్నారు. ఆమె మనసులో ఏముందో నాకు తెలియదు, పెత్తనం కోసమే చేసిందేమో కూడా. చేయనివ్వండి. ఉండలు లేకుండా కెలకడం నెలలో నేర్చుకుంటుంది. ఉత్తరంలో మీరు ఎంత దాచినా, ఆమె సంగటి ఉండలు కట్టిందని రాయడంలో మీకు కాస్త సంతోషం ఉంది. ఆ సంతోషం మంచిది కాదు.

మధ్యలో ఇంకో మాట. సంగటి కెలకడానికి నిజానికి మగవాళ్ల చేతులే బాగా సరిపోతాయి. పెళ్లిళ్లలో గుండిగల దగ్గర నిలబడేది వాళ్లే కదా. మీ ఆయనకూ మరిదికీ వారానికి రెండు పూటలు అప్పగిస్తే ఏ పరువూ పోదు. మామగారు దాన్ని కూడా మాట్లాడకుండానే తింటారు.

రేపే తోడికోడలిని పక్కన కూర్చోబెట్టుకుని, మీ చేతులు చూపించి, పొద్దున ఎంతసేపు వేళ్లు వంగవో, ఏ పని నొప్పి పెడుతుందో చెప్పండి. బతిమాలొద్దు, దెప్పొద్దు. బరువు పనులు ఆమెకు, కూర్చుని చేసేవి మీకు అని మీరే పంచండి. ఆమె చేసినదానికి నలుగురిలో వంకలు పెట్టకండి.

ఈ మందు వాడేవాళ్లకు రక్తకణాలు, లివర్, కిడ్నీల పరీక్షలు మధ్యమధ్యలో చేయాల్సిందే. ఈసారి అనంతపురం పోయేటప్పుడు మీ ఆయనతో పాటు ఆమెనూ తీసుకెళ్లండి. జ్వరం, దగ్గు, ఆయాసం, నోట్లో పుళ్లు కనపడితే ఎవరికి ఫోన్ చేయాలో డాక్టరు చెప్పేది ఆమె చెవిన కూడా పడాలి. మాత్ర ఏ రోజు వేసుకోవాలో గుర్తు చేసే పని కూడా ఆమెకే ఇవ్వండి.