కరాటే నుంచి జూడోకు మారితే మళ్లీ తెల్ల బెల్టేనా?

కరాటేలో బ్రౌన్ బెల్టు దాకా వచ్చాక జూడోకు మారితే మొదటి నుంచి మొదలుపెట్టాలా, నేర్చుకున్నదంతా వృథాయేనా అని అడిగారు. తెల్ల బెల్టు కట్టుకోవాల్సిందే. వృథా మాత్రం కాదు. నేనూ గుంటూరులో షోటోకాన్ శైలి కరాటే చేసి, ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాక జూడో పట్టుకున్నవాణ్నే.

బెల్టు పోతుందని అంత బాధెందుకో నాకర్థం కాదు. బ్లాక్ బెల్టులో మెట్లుగా చెప్పే ఆ డాన్‌ల లెక్క యుద్ధవిద్యల్లోకి వచ్చింది జూడోతోనే. 1882లో కొడోకాన్ అనే జూడో బడి పెట్టిన కానో జిగోరో మొదలుపెట్టిన పద్ధతిని, 1922లో ఒకినావా నుంచి టోక్యో వచ్చిన ఫునాకోషి గిచిన్ కరాటేలోకి తెచ్చుకున్నారు. మనం వేసుకునే తెల్ల డ్రెస్సూ జూడో నుంచి వచ్చిందే. ఇక మన ఊళ్లలో బెల్టుల సంగతి చెప్పక్కర్లేదు. మూడు నెలలకో గ్రేడింగ్, గ్రేడింగ్‌కో ఫీజు, స్కూల్ యానివర్సరీలో పెంకులు పగలగొట్టడం, ఐదో తరగతికల్లా బ్లాక్ బెల్టు. ఆ పిల్లాడి కాలర్ ఎవరైనా పట్టుకుంటే ఏం చేస్తాడో వాళ్ల మాస్టర్‌కే తెలియాలి.

అసలు కష్టమంతా ఆ కాలర్ దగ్గరే. కరాటేలో మనల్ని ఎవరైనా పట్టుకున్నారంటే కొంప మునిగినట్టే. జూడోలో పట్టుకున్నాకే ఆట మొదలు. మొదటి రండోరిలో, అంటే ఒకరినొకరు పడేసే ప్రాక్టీసు కుస్తీలో, నన్ను ఇంటర్ చదివే ఒకమ్మాయితో నిలబెట్టారు. నాకంటే బరువు బాగా తక్కువ. అలవాటుకొద్దీ ఎడమకాలు బారుగా ముందుకేసి, మోకాలు వంచి, గట్టిగా నిలబడ్డాను. మా గుంటూరు మాస్టర్ చూసుంటే శభాష్ అనేవారు. ఆ అమ్మాయి చెయ్యి నా స్లీవ్ మీద పడగానే విదిలించుకోబోయాను. బరువు ముందుకాలి మీదికి మళ్లుతున్న ఆ క్షణంలోనే తన పాదంతో నా చీలమండను ఊడ్చేసింది. ఎదురుగా సీలింగ్ ఫ్యాను. పడటం ముందే నేర్పారు కాబట్టి చెయ్యి దానంతటదే మ్యాట్‌ను చరిచింది. "గడ్డం లోపలికి పెట్టుకో అన్నా, తల తగులుద్ది" అంటూ లేపి, మళ్లీ పట్టుకుంది.

కాబట్టి మీకు అడ్డొచ్చేది పంచ్‌లూ కిక్‌లూ కాదు, ఆ నిలబడే తీరు, ఆ విదిలింపు. బారు స్టాన్స్ మానేసి మామూలుగా నడిచే మనిషిలా నిలబడటానికి నాకు నెలలు పట్టింది.

పనికొచ్చేది నడుము. ఏళ్ల తరబడి తిప్పిన నడుము అవతలివాణ్ని వీపు మీదుగా విసిరే సెయోయి నాగే దగ్గర బాగా కలిసొస్తుంది. ఇంకొకటి, పంచ్ కొట్టేటప్పుడు రెండో చేతిని నడుము దగ్గరికి లాగుతాం కదా, ఎందుకో నాకెవరూ సరిగా చెప్పలేదు. అవతలివాడి స్లీవ్ పట్టుకుని అదే లాగుడు లాగండి, తూలి మీదికొస్తాడు. కటాలన్నీ, అంటే వరసగా ఒంటరిగా చేసే ఆ కదలికలన్నీ, అవతలివాణ్ని పట్టుకుని కొట్టడానికే పుట్టాయని నా నమ్మకం. మా పాత బ్యాచ్‌వాళ్లు ఒప్పుకోరు, నేను వాదన ఆపను.

చేరేటప్పుడు పాత కరాటే డ్రెస్సుతో మాత్రం వెళ్లకండి, చంక దగ్గర చర్రున చిరుగుతుంది. జూడోకు మందపాటిది కొనాల్సిందే. ఖరీదెక్కువ, ఉతికితే ఓ పట్టాన ఆరదు, వానాకాలంలో ఇంట్లోవాళ్ల తిట్లు అదనం.