నోట్‌బుక్ నిండా ప్రతిపాదనలే, ఇది కెరీర్ అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం, ఎకనామిక్స్. మార్కులు పర్వాలేదు. కానీ ప్రభుత్వం ఏం మార్చాలో ఎప్పుడూ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఉంటుంది. ఏసీల నుంచి కారిపోయే నీళ్లు మొక్కలకు మళ్లించాలంటుంది, ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఎన్నాళ్లుగా ఉందో జనానికి కనిపించాలంటుంది. అధికారులకు మెయిల్స్ పంపుతుంది, జవాబు రాదు. ఇదే నా కెరీర్ అంటోంది. నాకేమో టెన్షన్. దీనికి ఉద్యోగాలుంటాయా? గవర్నమెంట్ పరీక్షలకు ప్రిపేర్ అవమని గట్టిగా చెప్పమంటారా?

జవాబు: ముందుగా ఒక్క మాటండీ, ఆ నోట్‌బుక్ మానిపించకండి. ఈ వయసులో చాలామందికి ప్రభుత్వం మీద కోపం ఉంటుంది, ప్రతిపాదన ఉండదు. మీ అమ్మాయికి ఉంది. అయితే ఆలోచన చెప్పినందుకు ఎవరూ జీతం ఇవ్వరు. అది అమల్లోకి వచ్చేదాకా, వచ్చాక కూడా, దాని వెంట ఉండి చేసే పనికి జీతం ఉంటుంది. ఆ పని ఎలా ఉంటుందో తనకు తెలియాలి.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం సంగతి చూడండి. అక్కడ రిచర్డ్ ఛాంబర్స్ అనే సేల్స్‌మన్, తీరం వెంట జనం పారేసిన సీసాలూ డబ్బాలూ చూసి ఒళ్లు మండి 1968లో ఒక శాసనసభ్యుడికి ఫోన్ చేశాడు. ఆయన అడిగింది చాలా చిన్నది. కూల్‌డ్రింకో బీరో కొన్నప్పుడు డిపాజిట్‌గా కొంత తీసుకోవాలి, ఖాళీ సీసా తెచ్చిస్తే అది తిరిగి ఇచ్చేయాలి. 1969లో బిల్లు వీగిపోయింది. కంపెనీలు గట్టిగా అడ్డుపడ్డా 1971లో చట్టమైంది. డిపాజిట్ ఐదు సెంట్లు.

చాలామంది ఈ కథ ఇక్కడితో ఆపేస్తారు. మీ అమ్మాయికి పనికొచ్చేది ఇక్కడి నుంచే మొదలవుతుంది. ధరలు పెరుగుతూ పోయాయి, ఆ ఐదు సెంట్లు మాత్రం దశాబ్దాలపాటు కదల్లేదు. అంత చిన్న మొత్తం కోసం సీసా మోసుకెళ్లే ఓపిక జనానికి తగ్గింది. అందుకే 2011లో చట్టంలో ఒక మెలిక పెట్టారు. తిరిగొచ్చే సీసాలు వరుసగా రెండేళ్లు 80 శాతం దాటకపోతే డిపాజిట్ దానంతటదే పది సెంట్లవుతుంది. 2017 ఏప్రిల్‌లో అలాగే అయింది, తిరిగొచ్చే సీసాల వాటా మళ్లీ పెరిగింది. తొలి ఆలోచన ఒక పౌరుడిది. ఎంత పెడితే జనం సీసా వెనక్కి తెస్తారో లెక్క కట్టడం, ఆ లెక్కను చట్టం భాషలో పెట్టడం, ఏటా సీసాలు లెక్కించడం, ఇవన్నీ చదువుకుని చేసే ఉద్యోగాలు. అందులో మొదటిది అచ్చంగా ఎకనామిక్స్.

ఇప్పుడు తన ఫైళ్ల ప్రతిపాదనకు వద్దాం. నాకు బాగా నచ్చింది. కానీ ఫైలు ఎన్ని రోజులుందో బయటికి కనిపిస్తే గుమాస్తా ఏం చేస్తాడు? పదో రోజున చిన్న సందేహం రాసి దరఖాస్తుదారుకే తిప్పి పంపిస్తాడు. ఫైలు తిరిగొచ్చాక లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. బోర్డు మీద అంతా భేషుగ్గా కనిపిస్తుంది, మనిషి మాత్రం తిరుగుతూనే ఉంటాడు. అందుకని రోజులతో పాటు ఎన్నిసార్లు వెనక్కి పంపారో, ఏ కారణంతో పంపారో కూడా కనిపించాలి. ఇలా ఎవరు ఎక్కడ తప్పించుకుంటారో ముందే ఊహించగలిగే అమ్మాయికి ఈ రంగంలో మంచి చోటుంది. ఏసీ నుంచి ఎన్ని నీళ్లు కారతాయన్నది గాలిలో తేమను బట్టి మారుతుంది, ముందు కొలవమనండి.

మెయిల్స్‌కు జవాబు రాదన్నారు. మెయిల్‌కు జవాబివ్వాలన్న నియమం లేనిచోట రాకపోవడం మామూలే. నియమం ఉన్నచోట కథ వేరు. తైవాన్ ప్రభుత్వ వేదికలో ఒక ప్రతిపాదనకు 60 రోజుల్లో 5,000 మంది మద్దతు తెలిపితే సంబంధిత శాఖ తప్పకుండా స్పందించాలి. ప్లాస్టిక్ వాడకం తగ్గించాలని అక్కడ ప్రతిపాదించింది ఒక హైస్కూల్ విద్యార్థిని. 2019లో చాలాచోట్ల ప్లాస్టిక్ స్ట్రాల మీద ఆంక్షలు వచ్చాయి. ఫిన్లాండ్‌లో 2012 నుంచి ఆరు నెలల్లో 50,000 సంతకాలు వస్తే పార్లమెంటు ఆ ప్రతిపాదనను పరిశీలిస్తుంది. ఇలాంటి వేదికలు నడపడం, వచ్చిన వేల అభిప్రాయాలను చదివి తేల్చడం కూడా ఒక పనే.

ఇక ఉద్యోగాలు. పరిశోధనా సంస్థలు, నగరపాలక సంస్థలు, పర్యావరణ సలహా కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు, చట్టసభ సభ్యులకు పరిశోధన చేసిపెట్టే విభాగాలు ఇలాంటివాళ్లను తీసుకుంటాయి. దాచకుండా చెప్పాలంటే మొదట్లో జీతాలు తక్కువే, చాలావరకు కాంట్రాక్టులే. అందుకే పబ్లిక్ పాలసీ, అంటే ప్రభుత్వ విధానాల మీద చేసే డిగ్రీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దంటాను. చేతిలో ఒక గట్టి నైపుణ్యం ఉండాలి. మీ అమ్మాయికైతే స్టాటిస్టిక్స్, దానితో పాటు డేటా పని. రాయడం ఎలాగూ వస్తోంది. చట్టం మీద ఆసక్తి ఉంటే లా వైపు వెళ్లినా బాగుంటుంది.

గవర్నమెంట్ పరీక్షల గురించి అడిగారు. లోపలికి వెళ్తే అధికారం ఉంటుంది, కానీ తనకు నచ్చిన శాఖే వస్తుందన్న హామీ ఉండదు. మీ భయం పోవడానికి మాత్రం రాయించకండి. ఈ సెలవుల్లో ఫైళ్ల ప్రతిపాదన ఒక్కటే తీసుకోమనండి. ఏ ఆఫీసు, ఏ నియమం మార్చాలి, ఖర్చెంత, ఎవరు అడ్డుపడతారు, ఇవన్నీ ఒక్క పేజీలో రాయమనండి. రాయడానికి ముందు ఆ ఆఫీసులో పనిచేసే ఒకరితో, అక్కడ తిరిగి తిరిగి అలసిపోయిన ఒకరితో కూర్చుని మాట్లాడమనండి. ఆ పని చేస్తున్నప్పుడు హుషారుగా ఉంటే స్టాటిస్టిక్స్ బలంగా ఉన్న మాస్టర్స్ కోర్సులు చూడండి. లోపలే ఉండి చేస్తానంటే పరీక్షల సంగతి తనే ఎత్తుతుంది, అప్పుడు మీరు అండగా ఉండండి.