మూడు పేపర్లకూ ఒకే నోటుపుస్తకం

చిరంజీవి మురళికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఈ సెమిస్టరులో సమాజశాస్త్రం, కుటుంబ జీవనం, వ్యాపార నైతికత అనే మూడు పేపర్లు తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. ఇవి తేలికైన పేపర్లనీ, పరీక్షల ముందు గైడు తిరగేస్తే గట్టెక్కవచ్చనీ నీ తోటివాళ్లు అంటూ ఉంటారు. విశాఖలో చాలా ఏళ్లు డిగ్రీ పిల్లలకు సమాజశాస్త్రం బోధించిన దాన్నిగా నీకు వేరే పద్ధతి చెబుతున్నాను. మూడింటికీ ఒకే నోటుపుస్తకం పెట్టుకొని, ఒక తరగతిలో పుట్టిన ప్రశ్నను మిగతా రెండు తరగతుల్లోనూ వేసి చూడు.

సమాజశాస్త్రంలో ఒక నిర్వచనాన్ని బట్టీ పట్టే ముందు, అది ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టిందో తెలుసుకో. 1897లో ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త దుర్ఖేమ్ ఆత్మహత్యల మీద గ్రంథం ప్రచురించి, మనిషి పూర్తిగా తనంతట తాను చేసే పని అనుకున్న దానిలో కూడా మతాన్ని బట్టీ, పెళ్లి అయిందా లేదా అన్న దాన్ని బట్టీ రేట్లు మారుతున్నాయని చూపించాడు. ఎవరు చెడ్డవాళ్లు అని కాకుండా, ఇది ఇన్ని ఇళ్లలో ఒకే తీరుగా ఎందుకు జరుగుతోంది అని అడగడం అక్కడ నేర్చుకో.

కుటుంబ జీవనం ఆడపిల్లల పేపరని ఎవరన్నా పట్టించుకోకు. మగపిల్లలు దీన్ని శ్రద్ధగా చదవాలన్నది నా గట్టి కోరిక. మన ప్రాంతంలోనే దీనికి గొప్ప ఆధారాలున్నాయి. 19వ శతాబ్దం చివర విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో శుల్కం పుచ్చుకొని చేసిన బ్రాహ్మణ వివాహాల జాబితా తయారు చేయిస్తే, మూడేళ్లకు 1,034 పెళ్లిళ్లు లెక్కకు వచ్చాయని గురజాడ తన ‘కన్యాశుల్కం’ నాటకం పీఠికలో రాశారు. అప్పుడు డబ్బు పిల్ల తండ్రికి ముట్టేది. తరవాత అది పిల్లవాడి ఇంటి వైపు మళ్లింది. ఎందుకు మళ్లిందన్న దానికి చదువు, ఉద్యోగం, భూమి అన్నిటినీ పరిశీలించి నీ జవాబు నువ్వు రాయాలి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు మన రాష్ట్రంలో హిందూ వారసత్వ చట్టానికి చేసిన 1986 నాటి సవరణతో, దేశమంతటా 2005లో వచ్చింది. అయినా పంపకాల వేళ అక్కచెల్లెళ్ల చేత హక్కు విడుదల దస్తావేజు మీద సంతకాలు పెట్టించుకోవడం మన బంధువుల్లోనే చూస్తావు. వాళ్లు ఇష్టపడి పెట్టారా, పుట్టింటి రాకపోకలు తెగిపోకూడదని పెట్టారా అన్నదాన్ని మించిన ప్రశ్న ఈ పేపరులో నాకు కనిపించదు.

ఇళ్లకు వెళ్లి అడిగేటప్పుడు ముందుగా అనుమతి తీసుకో, నోటుపుస్తకంలో పేర్లు రాయకు. భర్త పక్కన ఉండగా భార్య చెప్పిన మాటా, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు చెప్పిన మాటా ఒకటి కాకపోవచ్చు కనుక రెండుసార్లు వెళ్లు. రేషన్ కార్డులో ఉన్న పేర్లే కుటుంబం అనుకోకు. ఒకే వంటింట్లో తినేవాళ్లెవరో అడుగు, జనాభా లెక్కలవాళ్లు చూసేదీ అదే. జాలరిపేటలో మగవాళ్లు వేటకు వెళితే చేపలమ్మి డబ్బు చేతికి తెచ్చేది ఆడవాళ్లు. ఆ డబ్బు ఖర్చు ఎవరి మాట మీద జరుగుతుందో వినిరా.

వ్యాపార నైతికతలో పిల్లలు చాలామంది 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను రాసి, పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలని చెప్పి ముగిస్తారు. లాభం ఎలా ఖర్చయిందన్నది చిన్న ప్రశ్న, ఎలా వచ్చిందన్నదే పెద్ద ప్రశ్న. 2020 మే 7 తెల్లవారుజామున మన విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనపు విష ఆవిరి వెలువడి, నిద్రలో ఉన్నవారితో సహా పన్నెండు మంది చనిపోయారు. ట్యాంకులో వేడి పెరుగుతున్నా ఎవరూ సకాలంలో గమనించకపోవడం యాజమాన్యపు నైతికతకు సంబంధించిన విషయం. ఫ్యాక్టరీ గోడకు అంత దగ్గరగా ఇళ్లు ఎలా వెలిశాయన్నది సమాజశాస్త్రం. ఆ తరవాత ఆ ఇళ్లలో పిల్లల్నీ ముసలివాళ్లనీ ఎవరు చూసుకున్నారన్నది కుటుంబ జీవనం. అయితే నీ ప్రాజెక్టు కోసం ఆ ఇళ్ల తలుపు తట్టవద్దు నాయనా, వాళ్ల దుఃఖాన్ని మార్కుల కోసం కదిలించడం తగదు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ నివేదిక ఉంది, దాన్ని పూర్తిగా చదువు.

ప్రాజెక్టుకు మాత్రం మన బంధువుల్లోనే నాలుగైదు ఇళ్లు చాలు, ఆస్తి పంపకం మీదే చెయ్యి. ఆంధ్రా యూనివర్సిటీలో వి.ఎస్. కృష్ణా గ్రంథాలయానికి వెళ్లి, బంధుత్వాల మీద మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే రాసింది ముందు చదువు. ఉత్తరాదికీ మన మేనరికాలకూ ఉన్న తేడా ఆమె స్పష్టంగా విడదీసి చూపించారు. తరవాత ప్రశ్నల జాబితా రాసి నాకు చూపించు. మీ మేనత్తలను అడిగేటప్పుడు నేనూ పక్కన ఉండను, నువ్వొక్కడివే వెళ్లు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ