కాయ ఈ ఏటిది, లెక్క మూడేళ్లది

అమ్మాయీ,

ఆశీస్సులు. ఈ ఏడు వానలు వేళకు పడ్డాయి, ఎండలూ మితంగానే కాశాయి, అయినా కొండ మీది పైన్ చెట్లకు కాయే లేదేమిటని రాశావు. ఈ ఏటి వానను పట్టుకుని కూర్చుంటే జవాబు దొరకదు. ఆ కాపు సంగతి రెండేళ్ల కిందటే సగం తేలిపోయింది.

ముందు ఒక మాట. పుస్తకాల్లో పైన్ కాయను శంకువు అంటారు. శాస్త్రం ప్రకారం కాయ అనడం తప్పే, అయినా చెట్టు కింద నిలబడినవాళ్ల నోటికి వచ్చే మాటలు కాయ, పిందె. నేనూ అలాగే రాస్తాను.

2025 శరత్తులో పండిన కాయ ఒకటి తీసుకో. దాని మొగ్గ 2023 వేసవి చివర కట్టింది. 2024 వసంతం చివర ఎర్రటి పిందెగా బయటపడి పుప్పొడి అందుకుంది. పుప్పొడి పడగానే ఫలదీకరణం జరిగిపోదు. పుప్పొడి నాళం కొంత దూరం వెళ్లి ఆగిపోతుంది, చలికాలమంతా అలాగే ఉంటుంది. ఫలదీకరణం జరిగేది 2025 వేసవి మొదట్లో. అప్పటిదాకా బఠాణీ గింజంత ఉన్న పిందె ఆ కొద్ది నెలల్లోనే ఊరి కాయవుతుంది. ఏ ఏటి కాపుకైనా నోటుబుక్కులో మూడు ఏళ్ల వాతావరణం రాసుకోవాలి. ఒక్క ఏడు రాసి ఊరుకుంటే ఆ లెక్క పనికిరాదు.

మొగ్గ కట్టే వేళ అన్నిటికంటే ముఖ్యం, అందరూ మరచిపోయేదీ అదే. పిన్యన్ పైన్ల మీద 2012లో అచ్చయిన ఒక పరిశీలన ఉంది. అమెరికాలోని న్యూమెక్సికోలోనూ, ఓక్లహోమా వాయవ్య మూలలోనూ చేశారు. 1969–1978 దశాబ్దంతో పోలిస్తే 2003–2012 దశాబ్దంలో కాపు దాదాపు 40 శాతం తగ్గింది. మొగ్గ కట్టే వేసవి చివర చల్లగా ఉంటే కాపు ఎక్కువ. చెట్టు ఎదిగే కాలం ఎక్కువగా వేడెక్కిన చోటే కాపూ ఎక్కువగా పడిపోయింది. అయితే ఈ సూత్రాన్ని తీసుకెళ్లి చెట్ల హద్దు దగ్గర, అంటే కొండ మీద చెట్లు ఆగిపోయే ఎత్తున, అంటించకు. పిన్యన్‌ది పొడి నేల, అక్కడ బాధ వేడితో. ఎత్తున, వేసవి పొట్టిగా ఉండే చోట గింజ పండటానికి కావలసినంత వెచ్చదనం ఉండదు. జాతి, ఎత్తు చూడకుండా వేడి మంచిదా చెడ్డదా అని అడిగితే ఆ ప్రశ్నకు అర్థం లేదు.

పుప్పొడి రాలే రోజులు ఒక చోట మహా అయితే వారం, రెండు వారాలు. ఆ రోజుల్లో ముసురు పడితే పుప్పొడి ఎగరదు. ఆలస్యపు మంచు అంతకంటే చెడ్డది. మంచు పడిన కొన్నాళ్లకు పిందెను వేళ్ల మధ్య పట్టి చూడు: బతికినది గట్టిగా, ఎరుపు వాడకుండా ఉంటుంది, చచ్చినది గోధుమరంగుకు తిరిగి, తాకితే పెళుసుగా ఊడి వస్తుంది. చెట్లు పలుచగా ఉన్న చోట వాతావరణం బాగున్నా పుప్పొడి చాలదు. అక్కడ పిందె రాలుతుంది, లేదా కాయ నిండా తాలు గింజలే ఉంటాయి. రెండో ఏడు తీవ్రమైన కరువు వస్తే చెట్టు తన పిందెలను తానే వదిలేసుకుంటుంది.

ఒక హెచ్చరిక. కొమ్మలు వంగేలా కాసిన ఏడాది తర్వాత చెట్టు తన నిల్వలన్నీ ఖర్చు చేసుకుని ఉంటుంది. మరుసటి ఏడు కాపు లేకపోతే ఆ నేరం వాతావరణం మీద మోపకు. అలాగే పన్నెండు నెలల వానా, వేడీ అన్నీ కంప్యూటరుకు ఎక్కించి ఏది కలిస్తే అది కారణం అనకు. అన్ని అంకెల్లో ఏదో ఒకటి ఊరికే కలుస్తుంది. పైన చెప్పిన వేళలనే ముందుగా ఎంచుకుని, వాటినే పరీక్షించు.

వెనకటి కాపుల లెక్క నీ దగ్గర లేదన్నావు, చెట్టు దగ్గర ఉంది. కాపు ఎక్కువగా చెట్టు పైభాగంలోనే ఉంటుంది, అక్కడి కొమ్మలే చూడు. కొస నుంచి వెనక్కి వస్తే, ఏటి ఎదుగుదల ఆగిన ప్రతిచోటా బెరడు మీద సన్నటి గీతలు దగ్గరదగ్గరగా చుట్టుకుని ఉంటాయి. పక్కరెమ్మలు చీలేదీ అక్కడే. రెండు చుట్ల మధ్య భాగం ఒక ఏడు. రాలిన కాయ ఆ ఏటి రెమ్మ చివర గుండ్రటి మచ్చ వదులుతుంది. రాలిన పిందెదీ మచ్చే కానీ చాలా చిన్నది, ఆ రెంటినీ కలపకు. మచ్చ 2020 రెమ్మ చివర ఉంటే, కాయ పండింది 2021లో, మొగ్గ కట్టింది 2019లో. అందరూ తప్పేది ఇక్కడే. ఒక్క ఏడు అటూ ఇటూ జరిగితే వేసవులన్నీ తారుమారు. చెట్టుకు నాలుగైదు కొమ్మలు, చోటుకు పది చెట్లకు తగ్గకుండా చూడు. పాత మచ్చలు చెరిగిపోతాయి కాబట్టి పదేళ్లకు మించి వెనక్కి వెళ్లకు. లాడ్జ్‌పోల్ పైన్ లాగా కాయలను ఏళ్ల తరబడి వదలని జాతుల్లో, ఏటా ఒకటికి మించి దఫాలు రెమ్మ సాగే జాతుల్లో ఈ పద్ధతి నమ్మదగ్గది కాదు.

ఉష్ణోగ్రతకు లోయలోని కేంద్రం అంకెలు వాడుతున్నావని అర్థమైంది. సగటున వెయ్యి మీటర్ల ఎత్తుకు 6.5 డిగ్రీలు తగ్గుతుందని లెక్క కట్టవచ్చు, అది సగటు మాత్రమే. మబ్బులేని రాత్రి చల్లగాలి బరువుగా కిందికి జారి పల్లాల్లో నిలుస్తుంది. అప్పుడు పల్లంలో పిందెలు మంచుకు మాడిపోయి, వాలు మీద చెట్లు నిక్షేపంగా ఉంటాయి. చెట్ల మధ్యే, నీడ గొడుగు కింద, రెండు మీటర్ల ఎత్తున ఒక లాగర్ (ఉష్ణోగ్రతను తనంతట తానే రాసుకునే పరికరం) కట్టు. గొడుగు లేకుండా కడితే అది కొలిచేది గాలిని కాదు, ఎండను.

కాయ కోసే ముందు కొన్నిటిని నిలువుగా చీల్చి చూడు. గింజను సగానికి కోస్తే లోపలి పిండం తన గదిలో కనీసం ముప్పాతిక వంతు నిండి ఉండాలి. పొట్టి, చల్లని వేసవిలో పిండం ఎదగదు. కాయ బయటికి ఎంత నిగనిగలాడినా ఆ గింజ మొలవదు.

వైట్‌బార్క్ పైన్ మీద పని చేస్తే ఇంకొక చిక్కు. దాని కాయ తనంతట తాను విచ్చుకోదు. క్లార్క్స్ నట్‌క్రాకర్ అనే పక్షి పొడిచి గింజలు తీసుకుపోతుంది, ఉడుతలు కాయలనే కోసుకుపోతాయి. వేసవి మొదట్లోనే కొన్ని కొమ్మలకు తీగ వల సంచులు కట్టు. లేదంటే సెప్టెంబరులో నువ్వు రాసుకునే సున్నా ఆ పక్షిది, వాతావరణానిది కాదు.

కాయ లేని ఈ శరత్తులోనూ చేతికి పని ఉంది. గుర్తు కట్టిన కొమ్మల మీద, రెమ్మల కొసల్లో, వచ్చే ఏటి పిందెలు ఇప్పటికే ఉండాలి. బైనాక్యులర్లతో వెతికి లెక్కపెట్టి తేదీతో రాసుకో. ఆ కొమ్మల మీద వచ్చే ఏడు ఆ అంకెకు ఒక్క కాయ కూడా ఎక్కువ పండదు, తగ్గుతుందంతే. ఎన్ని తగ్గాయో, ఏ వారంలో తగ్గాయో చూడటానికి మంచు కరగగానే మళ్లీ అక్కడ ఉండు.