ల్యాబ్ తాళం కోసం స్కూలు మార్చకండి

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువు చేస్తున్నాం. పాప తొమ్మిదో తరగతి, సైంటిస్టునవుతానంటోంది. వాళ్ల స్కూల్లో ల్యాబ్ ఉంది గానీ తాళం తీయరు, రికార్డు మాత్రం రాయిస్తారు. ఫౌండేషన్ కోర్సున్న స్కూలుకు మార్చమని బంధువులంటున్నారు. ప్రయోగాలు చేయకపోతే నష్టమా?

జవాబు: స్కూలు మార్చకండి. కొత్త స్కూల్లోనూ ఆ తాళం ఉండే అవకాశమే ఎక్కువ. ఈఏపీసెట్‌లో, జేఈఈలో ప్రయోగం చేయించి మార్కులేయరు, అందుకే ఎవరికీ పట్టదు. కానీ నష్టం ఉందండి, డిగ్రీలో బయటపడుతుంది. బ్యూరెట్ (ద్రవాన్ని కొలిచి చుక్కచుక్కగా వదిలే గాజు గొట్టం) పట్టడం వారంలో వచ్చేస్తుంది. తన రీడింగు పుస్తకంలో అంకెతో కలవనప్పుడు ఏం చేయాలో తెలియకే పిల్లలు చేతులెత్తేస్తారు. ఇంటర్‌లో లఘులోలకంతో గురుత్వ త్వరణం 980 సెం.మీ/సె² రావాలని ముందే తెలిసి, మేం రీడింగులు వెనక్కి లెక్కకట్టి వేసుకున్నాం. ఆ బాధ నాకింకా పోలేదు.

2005లో అమెరికా జాతీయ పరిశోధన మండలి అక్కడి హైస్కూలు ల్యాబుల మీద ఇచ్చిన నివేదికా ఈ జబ్బునే పట్టుకుంది. పాఠం ఒక దారి, ప్రయోగం ఒక దారి అయితే పిల్లలకు ఒరిగేది తక్కువ. ఎందుకు చేస్తున్నామో ముందు తెలియాలి, పాఠం నడుస్తుండగానే చేయాలి, చేశాక కూర్చుని మాట్లాడుకోవాలి.

అది మీ చెరువు గట్టు మీద మొదలుపెట్టొచ్చు. తెల్లవారుజామున లేచి ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తిరుగుతున్నాయో లేదో ఎందుకు చూసుకుంటారో పాపకు చెప్పారా? చెప్పకండి, అడగండి. నీటిలో డీవో, అంటే కరిగిన ఆక్సిజన్, అన్నిటికంటే ఎప్పుడు తగ్గుతుంది? తన ఊహ, దానికి కారణం ముందు నోటుబుక్కులో రాయమనండి. తర్వాత వారం రోజులు తెల్లవారుజామున ఐదింటికి, మధ్యాహ్నం మూడింటికి మీ కిట్టుతో డీవో, పీహెచ్ చూడమనండి. పగలు ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) కిరణజన్య సంయోగక్రియతో ఆక్సిజన్ వదిలి కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుంటుంది, అందుకే మధ్యాహ్నానికి రెండూ పెరుగుతాయి. రాత్రి ఆ ప్లాంక్టనే, రొయ్యలు, అడుగున కుళ్లిన మేతలోని బ్యాక్టీరియా కలిసి ఆక్సిజన్ వాడేస్తాయి. ఇది తను అంకెల్లోంచి పట్టుకోవాలి. మబ్బు పట్టిన రోజు ఏమైంది? ఏరేటరుకు దగ్గర ఎంత, దూరంగా ఎంత? ఒకే నీటిని రెండుసార్లు చూస్తే రెండు అంకెలెందుకు వచ్చాయి? ఈ చివరి ప్రశ్న దగ్గర ఎంతసేపు ఆగితే అంత మంచిది. మీరు పక్కనుండండి, ఏరేటర్ల కరెంటు వైర్ల దగ్గరకు మాత్రం పోనివ్వకండి.

ఆ నోటుబుక్కు పట్టుకుని సైన్సు టీచరును కలవండి. ల్యాబ్ అసిస్టెంటు లేకుండా క్లాసంతటితో ప్రయోగాలు చేయించడం ఆయనకూ కష్టమే. కాబట్టి ఒక్క ప్రయోగమే అడగండి, డీవోను రసాయనాలతో కొలిచే వింక్లర్ పద్ధతి. చెరువు నీటిని బుడగ లేకుండా సీసాలో నింపి మాంగనీస్ సల్ఫేటు, క్షారం కలిపిన పొటాషియం అయోడైడు వేస్తే, ఆక్సిజన్‌ను బట్టి గోధుమరంగు అవక్షేపం వస్తుంది. ఆమ్లం కలిపితే అయోడిన్ విడుదలవుతుంది, దాన్ని థయోసల్ఫేటుతో టైట్రేట్ చేస్తే, అంటే రంగు పోయేదాకా చుక్కచుక్కగా కలిపి ఎంత పట్టిందో చూస్తే, లెక్క తేలుతుంది. ఆమ్లంతో పని, ఇంట్లో వద్దు. ఈ అంకె, మీ కిట్టు అంకె పక్కపక్కన బోర్డు మీద రాసి క్లాసంతా వాదించుకోనివ్వాలి.

మీ భీమవరంలోనే 1895లో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. హార్వర్డులో ఫిస్కే అనే పరిశోధకుడితో కలిసి 1925లో ఆయన ప్రచురించిన పద్ధతిలో నీలిరంగు ఎంత చిక్కగా వచ్చిందో చూసి ఫాస్ఫరస్ కొలుస్తారు. ఆ కొలతే ఇద్దరినీ కండరాల్లో శక్తిని నిల్వచేసే ఫాస్ఫోక్రియేటిన్ దాకా తీసుకెళ్లింది. పీహెచ్ కిట్టులో రంగును కార్డుతో పోల్చే మీ పాప పనిలోనూ ఉన్నది అదే, రంగుతో కొలవడం.

ఎంపీసీయా బైపీసీయా అన్నది పదో తరగతిలో చూద్దాం. నీటి మీదే మనసు నిలిస్తే మత్స్యశాస్త్రంలో బీఎఫ్‌ఎస్సీ ఉంది, దానికి బైపీసీ కావాలి. పరిశోధనే అంటే తిరుపతి ఐసర్‌లో (కేంద్ర సైన్సు విద్యా పరిశోధన సంస్థ) ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది. ఈలోపు స్కూలు ద్వారా ఇన్‌స్పైర్ మానక్ అనే కేంద్ర ప్రభుత్వ పథకానికి తన ఆలోచన పంపించండి, ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలిస్తారు.

ఈ పంట పట్టుబడి అయ్యేలోపే నోటుబుక్కు కొనివ్వండి. పెన్సిలు వద్దు, పెన్నుతోనే రాయమనండి. నచ్చని అంకెను కొట్టేసినా, కింద అది కనిపిస్తూ ఉండాలి.