డీఎన్‌ఏ ల్యాబ్‌లో చేరబోతున్న అమ్మాయికి

చిరంజీవి సుజాతకు పర్లాకిమిడి నుంచి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

భువనేశ్వర్ ఫోరెన్సిక్ ల్యాబ్‌లో, అదీ డీఎన్‌ఏ విభాగంలో, నీకు ఉద్యోగం వచ్చిందని మీ నాన్న చెప్పినప్పటి నుంచి సంతోషంతో పాటు బెంగ కూడా పట్టుకుంది. 2023 జూన్ 2న బహనగా దగ్గర రైళ్లు ఢీకొన్నప్పుడు, భువనేశ్వర్ ఎయిమ్స్‌లో ఒకే మృతదేహం కోసం ఒకటికి రెండు కుటుంబాలు వచ్చి, డీఎన్‌ఏ రిపోర్టు కోసం ఎదురుచూశాయి. అలాంటి కాగితం మీద ఇక నీ సంతకం ఉంటుంది.

నెత్తుటి బట్టను ఆరబెట్టి కాగితపు కవరులోనే పెట్టాలని, ప్లాస్టిక్‌లో అయితే బూజు పడుతుందని నీకు చదువులోనే చెప్పి ఉంటారు. జీన్స్ గుడ్డలోని నీలిరంగు, డీఎన్‌ఏకు నకళ్లు తీసి పెంచే పీసీఆర్ పద్ధతికి అడ్డుతగులుతుందన్నదీ తెలిసిందే.

చదివినా మనసుకు పట్టని సంగతి మరొకటి ఉంది. 2007లో జర్మనీలోని హైల్‌బ్రాన్‌లో ఒక పోలీసు ఉద్యోగిని హత్యకు గురైంది. అక్కడ దొరికిన స్త్రీ డీఎన్‌ఏయే జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో హత్యల మొదలు చిన్న దొంగతనాల దాకా, సుమారు నలభై నేరస్థలాల్లో కనిపించింది. ఆమెను పట్టిచ్చినవారికి మూడు లక్షల యూరోలు ఇస్తామన్నారు, ఏళ్ల తరబడి గాలించారు. చివరకు 2009లో, కాలిపోయిన ఒక పురుషుడెవరో తేల్చడానికి అతని పాత వేలిముద్రల కాగితం నుంచి తీసిన నమూనాలోనూ అదే స్త్రీ డీఎన్‌ఏ వచ్చేసరికి అందరికీ అనుమానం కలిగింది. ఆ హంతకురాలు అసలు లేనే లేదు; ఆ డీఎన్‌ఏ, నమూనాలు తీసే దూది పుల్లల (స్వాబ్‌ల) తయారీలో ప్యాకింగ్ పని చేసిన ఒక మహిళది. స్వాబ్‌లను శుద్ధి చేసినప్పుడు సూక్ష్మజీవులు చచ్చాయి గానీ డీఎన్‌ఏ అలాగే మిగిలింది. అందుకే ఇలాంటి సామగ్రికి తయారీలో మనుషుల డీఎన్‌ఏ అంటకుండా చూసే ఐఎస్‌ఓ 18385 అనే అంతర్జాతీయ ప్రమాణం 2016లో వచ్చింది. నన్ను భయపెట్టేది ఏమిటంటే, యంత్రం ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఇప్పుడు కొద్దిపాటి కణాలున్నా ఫలితం వస్తోంది కాబట్టి ఈ ప్రమాదం ఇంకా పెరిగింది. ప్రతి బ్యాచ్ నుంచి దేనికీ వాడని ఒక ఖాళీ స్వాబ్‌ను కూడా అసలు నమూనాలతో పాటే పరీక్షించు.

రెండోది పేర్ల సంగతి. మన గజపతి జిల్లాలో తెలుగువాడు ఇంటిపేరు ముందు రాస్తాడు, ఒడియావాడు చివర రాస్తాడు. ఒకే మనిషి పేరు ఆసుపత్రి చీటీలో ఒకలా, పోలీసు కాగితంలో ఇంకొకలా ఉంటుంది. నేను ఆసుపత్రి ల్యాబ్‌లో ఉన్నన్నాళ్లూ, ఇద్దరు అప్పారావులు ఒకే ఉదయం వచ్చి కూర్చుంటే, తండ్రి పేరూ నంబరూ గొట్టం మీద రాసి వాళ్లకు చదివి వినిపించాకే సూది పట్టేవాణ్ణి, వెనకున్నవాళ్లు ఎంత విసుక్కున్నా సరే. నువ్వేమో పరీక్షలో పేపరు మళ్లీ చూసుకోకుండానే లేచి వచ్చేదానివి. ఇక్కడ ఆ తొందర పనికిరాదు. కోప్పడుతున్నాననుకోకు తల్లీ, ఇంత పెద్ద పని మన ఇంటి పిల్ల చేతికి వచ్చిందని వీధిలో అందరికీ చెప్పుకున్నది కూడా నేనే.

చేరిన రోజే నీ చెంప లోపలి నమూనా ఇచ్చి, నీ ప్రొఫైలును సిబ్బంది జాబితాలో చేర్చమని అడుగు. నీ డీఎన్‌ఏ ఎక్కడైనా కలిస్తే అప్పుడే బయటపడుతుంది. ఖాళీ స్వాబ్‌ల ఫలితాలు అక్కడ ఏ రిజిస్టరులో రాస్తున్నారో చూసి నాకు ఉత్తరం రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న