బైసన్ మందలు ఎక్కడ, ఎప్పుడు, ఎంత దూరం నుంచి? ప్రెయిరీ ప్రయాణంపై పాఠకుల ప్రశ్నలు

కెనడాలోని ఆల్బర్టా, సస్కాచవాన్, మానిటోబా రాష్ట్రాల ప్రెయిరీ గడ్డిమైదానాల్లో కారు ప్రయాణం, అక్కడి బైసన్ (గేదెను పోలిన భారీ అడవి పశువు) లాంటి అడవి జంతువుల గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

*ప్రశ్న: జులైలో విజయవాడ నుంచి అమ్మానాన్న వస్తున్నారు. మాకు నాలుగేళ్ల, ఎనిమిదేళ్ల పిల్లలున్నారు. క్యాల్గరీ నుంచి నాలుగు రోజుల్లో వెళ్లి బైసన్లను చూసి రావాలనుంది. హైవే మీద పోతుంటే కనిపిస్తాయా?*

జవాబు: హైవే పక్కన కంచెల వెనుక కనిపించేవి చాలావరకు మాంసం కోసం పెంచే బైసన్లు. అడవి జంతువుగా బతుకుతున్న మందను చూడాలంటే పార్కుకు వెళ్లాల్సిందే. మీకు రెండు దారులున్నాయి.

మొదటిది ఎల్క్ ఐలాండ్ నేషనల్ పార్క్. ఎడ్మంటన్ నుంచి తూర్పుగా ఎల్లోహెడ్ హైవే 16 మీద ముక్కాలు గంట దూరం. 194 చదరపు కిలోమీటర్ల పార్కు మొత్తం చుట్టూ కంచె ఉంది. హైవేకు ఉత్తరాన మైదానపు బైసన్, దక్షిణాన అంతకన్నా భారీగా ఉండే వుడ్ బైసన్ ఉంటాయి. రెండు ఉపజాతులూ కలవకుండా అలా విడిగా ఉంచారు. ఉత్తర భాగంలో బైసన్ లూప్ రోడ్డు మీద కారు దిగకుండానే చూడవచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, చిన్నపిల్లలకు ఇది తేలిక. ఇక్కడ ఆస్పెన్ చెట్ల పొదలు ఎక్కువ కాబట్టి మధ్యాహ్నం ఎండలో మందంతా నీడకు చేరిపోతుంది. పదకొండింటికి వెళ్లి, ఒక్కసారి చుట్టు తిరిగి, ఏమీ లేవని వెనక్కి వచ్చేవాళ్లే ఎక్కువ. ఉదయం 9 లోపు ఒకసారి, సాయంత్రం 7 తర్వాత ఇంకోసారి తిరగండి.

రెండోది సస్కాచవాన్ దక్షిణపు అంచున, అమెరికా సరిహద్దును ఆనుకుని ఉన్న గ్రాస్‌ల్యాండ్స్ నేషనల్ పార్క్. క్యాల్గరీ నుంచి 600 కిలోమీటర్లకు పైనే. పోవడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు పోతే, మధ్యలో రెండు రోజులు మిగులుతాయి. నాలుగు రోజులున్నాయి కాబట్టి మీరు ఇక్కడికే వెళ్లండి. చెట్టు అడ్డులేని గడ్డినేల మీద, కొండవాలున నల్లటి చుక్కల్లా కదిలే మందను చూస్తేనే ఆ జంతువు ఏ నేలదో అర్థమవుతుంది. దారిలో సైప్రెస్ హిల్స్ దగ్గర ఆగితే ఎల్క్, మూస్ అనే పెద్ద జింకలు కూడా కనిపించే అవకాశం ఉంది.

ఈ రెండు పార్కులకూ చుట్టరికం ఉంది. పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి మైదానాల్లో బైసన్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 1907లో కెనడా ప్రభుత్వం అమెరికాలోని మోంటానాలో పాబ్లో అనే పశువుల యజమాని మందను కొని, వాటిలో కొన్నింటిని ఎల్క్ ఐలాండ్‌లో దించింది. తర్వాత చాలావాటిని వేరేచోటికి తరలించినా, పట్టుబడకుండా మిగిలిపోయిన యాభై దాకా జంతువులే అక్కడి మందకు మూలం. వాటి సంతతిలోని 71 బైసన్లను 2005 డిసెంబరులో గ్రాస్‌ల్యాండ్స్‌కు తెచ్చి, 2006 మేలో బయటికి వదిలారు. పిల్లలకు ఈ కథ ముందే చెప్పి తీసుకెళ్లండి, చూపు మారుతుంది.

మానిటోబాలోని విన్నిపెగ్ వైపు నుంచి అడిగినవారికి: రైడింగ్ మౌంటెన్ నేషనల్ పార్క్‌లోని లేక్ ఆడీ ఆవరణలో చిన్న మంద ఉంది. కారులోనే తిరిగి చూడవచ్చు.

*ప్రశ్న: గ్రాస్‌ల్యాండ్స్‌లో ఎకోటూర్ అనే దారి గురించి విన్నాం. కిందటేడు వెళ్లిన స్నేహితులు ఒక్క బైసన్ కూడా చూడకుండా తిరిగొచ్చారు. ఎక్కడ పొరపాటు జరిగి ఉంటుంది?*

జవాబు: రెండు చోట్ల జరిగి ఉండవచ్చు. పార్కు రెండు ముక్కలుగా ఉంటుంది. బైసన్ ఉండేది పశ్చిమ భాగంలో, వాల్ మేరీ ఊరి దగ్గర. తూర్పు భాగానికి వెళ్తే బ్యాడ్‌ల్యాండ్స్ మట్టిగుట్టలు అద్భుతంగా ఉంటాయిగాని బైసన్ ఉండదు. మ్యాప్‌లో పార్కు పేరు మాత్రమే కొట్టి, అది చూపించిన గేటుకు పోయినవాళ్లకు ఇలాగే అవుతుంది. మ్యాప్‌లో 'వాల్ మేరీ' అని పెట్టండి. స్విఫ్ట్ కరెంట్ దగ్గర ట్రాన్స్ కెనడా హైవే దిగి, హైవే 4 మీద దక్షిణంగా సుమారు 120 కిలోమీటర్లు.

రెండో పొరపాటు తొందర. బైసన్లకు వదిలిన మేతనేల 181 చదరపు కిలోమీటర్లు. అందులో కొన్ని వందల జంతువులు, అవీ గుంపులుగా విడిపోయి తిరుగుతాయి. రోడ్డు పక్కకు రావాలని వాటికేం నియమం లేదు. ఎకోటూర్ రానూపోనూ సుమారు 80 కిలోమీటర్లు. రెండున్నర గంటల్లో ముగించవచ్చని రాసి ఉంటుంది కానీ నాలుగైదు గంటలు పెట్టుకోండి. ముందు వాల్ మేరీలోని విజిటర్ సెంటర్‌లో మంద నిన్న ఎటువైపు కనిపించిందో అడగండి. ఎత్తైన మలుపు వచ్చినప్పుడల్లా ఇంజిన్ ఆపి, 8x42 బైనాక్యులర్స్‌తో ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా, ఫ్రెంచ్‌మన్ నది లోయ మొత్తం వెతకండి. దూరంలో బండరాయి అనుకున్నది పది నిమిషాల తర్వాత కదలడం ఇక్కడ మామూలే. ఒంటరిగా ఉంటే చాలావరకు పోతు. గుంపుగా ఉంటే ఆడవి, పిల్లలు. మే, జూన్‌లలో దూడలు ఇటుక రంగులో మెరుస్తుంటాయి కాబట్టి గుర్తుపట్టడం తేలిక. జులై మధ్య నుంచి ఆగస్టు దాకా జతకట్టే కాలం. పోతులు మందలో కలుస్తాయి, వాటి గర్జన చాలా దూరం వినిపిస్తుంది. చూడటానికి అదే మంచి కాలం, అత్యంత జాగ్రత్తగా ఉండాల్సిన కాలమూ అదే.

రోడ్డు కంకరది, కింద బంకమట్టి. అక్కడివాళ్లు దాన్ని గంబో అంటారు. వాన పడితే మన నల్లరేగడిలాగే ఉబ్బి, టైరుకు ముద్దలుగా చుట్టుకుని, మడ్‌గార్డు సందుల్లో నిండి చక్రాన్నే పట్టేస్తుంది. నాలుగు చక్రాలకూ పవర్ ఉన్న బండి కూడా జారుతుంది. ముందురోజు రాత్రి గట్టి వాన పడితే ఉదయం ఆగి, ఎండ తగిలి ఆరాక బయలుదేరండి. స్విఫ్ట్ కరెంట్‌లోనే ట్యాంకు నింపుకోండి. మనిషికి కనీసం 3 లీటర్ల నీళ్లు, స్పేర్ టైరులో గాలి, ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ చూసుకోండి. సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. అద్దె కారైతే కంకర రోడ్డు మీద దెబ్బకు బీమా వర్తిస్తుందో లేదో ఒప్పందంలో చదవండి. అద్దం మీద రాయి పడటం ఇక్కడ చాలా సాధారణం.

*ప్రశ్న: మంద రోడ్డుకు అడ్డంగా నిలబడితే హారన్ కొట్టవచ్చా? దిగి ఫోటో తీసుకోవడానికి ఎంత దూరం ఉండాలి?*

జవాబు: హారన్ వద్దు. కారును ముందుకు తోసుకుంటూ పోవద్దు. ఆపి, హజార్డ్ లైట్లు వేసి, కిటికీలు ఎత్తుకుని కూర్చోండి. అరగంట పట్టినా అంతే. కారును రెండు జంతువుల మధ్యకు, ముఖ్యంగా తల్లికీ దూడకూ మధ్యకు ఎప్పుడూ పోనివ్వకండి.

కాలినడకన ఉన్నప్పుడు కనీసం 100 మీటర్లు, అంటే పది బస్సుల పొడవు. కొలవడానికి తేలిక పద్ధతి ఉంది. చేయి పూర్తిగా చాపి, ఒక కన్ను మూసి, బొటనవేలును జంతువుకు ఎదురుగా పెట్టండి. జంతువు మొత్తం వేలు వెనుక దాగితే దూరం సరిపోయినట్టు. పక్కలకు కనిపిస్తుంటే వెనక్కి నడవండి.

ఇంత దూరం ఎందుకంటే, పెద్ద పోతు 900 కిలోల దాకా తూగుతుంది, అయినా గంటకు 50 కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతుంది. తల దించి మేస్తుంటే గేదెలా సాధువుగా కనిపిస్తుంది, మోసపోయేది అక్కడే. తోక పైకి లేచి కొక్కెంలా వంగడం, తల విదల్చడం, బుసకొట్టడం, ముందుకాలితో నేల దువ్వడం ప్రమాద సూచనలు. మేత మానేసి మీవైపే చూస్తోందంటే అప్పటికే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చారు. వీపు తిప్పకుండా, పరుగెత్తకుండా పక్కకు జరిగి కారు చేరండి. సెల్ఫీ కోసం జంతువుకు వీపు చూపించడం కన్నా పెద్ద తప్పు లేదు. పెద్దవాళ్లు దగ్గర నుంచి చూడాలని ముచ్చటపడితే మరో బైనాక్యులర్స్ కొనండి. ఫోటోకు 300 నుంచి 400 ఎంఎం లెన్స్ కావాలి. మధ్యాహ్నం నేల మీద ఆవిరి ఆడుతుంది, ఎంత ఖరీదైన లెన్సైనా మసకగానే వస్తుంది.

*ప్రశ్న: బైసన్, మన పాపికొండల అడవిదున్న ఒకటేనా?*

జవాబు: కాదు. అడవిదున్నను ఇంగ్లీషువాళ్లు ఇండియన్ బైసన్ అని పిలవడంతో వచ్చిన గందరగోళం ఇది. భద్రాచలం, గోదావరి ప్రాంతాల కోయలు కొమ్ము నృత్యంలో తలకు కట్టుకునే కొమ్ములు అడవిదున్నవి. అడవిదున్నకు ఒంటి మీద వెంట్రుక పొట్టిగా, నున్నగా ఉంటుంది, కాళ్లకు తెల్ల మేజోళ్లు తొడిగినట్టుంటుంది. బైసన్‌కు తల, భుజాలు, ముందుకాళ్లు జూలుతో నిండి, గడ్డం వేలాడుతుంది. మూపురం భుజాల మీదే ఉంటుంది. చలికాలంలో ఆ బరువైన తలతోనే మంచును పక్కకు తోసి గడ్డి వెతుక్కుంటుంది.

*ప్రశ్న: ప్రెయిరీ డాగ్‌లకు పిల్లలు పల్లీలు పెట్టవచ్చా? పాములున్నాయంటున్నారు, నిజమా?*

జవాబు: పెట్టకూడదు. నేషనల్ పార్కులో జంతువులకు మేత పెడితే 25,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. జరిమానా సంగతి అలా ఉంచినా, వీటికి ప్లేగు రావడం గ్రాస్‌ల్యాండ్స్‌లో నమోదైంది. ఆ వ్యాధి ఫ్లీ అనే రక్తం పీల్చే చిన్న పురుగుల ద్వారా పాకుతుంది. బొరియల దగ్గర కూర్చోవద్దు, చచ్చిన జంతువును ముట్టుకోవద్దు.

పేరులో కుక్క ఉన్నా ఇవి ఉడుత జాతి. అరుపును బట్టి ఆ పేరొచ్చింది. నల్లతోక ప్రెయిరీ డాగ్ కెనడాలో సహజంగా బతికేది ఈ పార్కు చుట్టుపక్కలే. కాసేపు కదలకుండా కూర్చుంటే ఒకటి నిటారుగా లేచి, చేతులు పైకి విసిరి కూత పెడుతుంది, చుట్టూ ఉన్నవన్నీ అందుకుంటాయి. పిల్లలకు బైసన్ కన్నా ఇదే ఎక్కువ నచ్చవచ్చు. ఖాళీ బొరియల్లో బొరియ గుడ్లగూబలు కాపురం పెడతాయి. అరచేతికి కాస్త పెద్దగా, పొడుగు కాళ్లతో మట్టికుప్ప మీద పగలే నిలబడి ఉంటాయి.

పాములు నిజమే. రాటిల్‌స్నేక్ విషపూరితం. తోక గిలకలా మోగితే అక్కడే ఆగి, చప్పుడు ఎటునుంచో చూసుకుని వెనక్కి అడుగు వేయండి. చీలమండ దాటే బూట్లు, పొడుగు ప్యాంటు వేసుకోండి. రాళ్ల సందుల్లో చేయి పెట్టవద్దు. మే, జూన్‌లలో పిడుదులు ఎక్కువ. ప్యాంటును సాక్సుల్లోకి దోపుకోండి, సాయంత్రం చెవుల వెనుక, మెడ, నడుము చుట్టూ వెతకండి. కరిచి ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా లాగండి. నూనె రాయడం, వేడి పెట్టడం వద్దు.

*ప్రశ్న: రాత్రిపూట ట్రాఫిక్ ఉండదు కదా, రెజైనా నగరానికి తిరుగు ప్రయాణం రాత్రే పెట్టుకోవచ్చా?*

జవాబు: వద్దు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో జంతువును చూసి, బ్రేక్ మీద కాలు వేసి, బండి పూర్తిగా ఆగేసరికి దాదాపు 100 మీటర్లు పోతుంది. లో బీమ్ అంత దూరం చూపించదు. 80కి తగ్గిస్తే 70 మీటర్ల దగ్గరకు వస్తుంది. జింకలు ఉదయం, సాయంత్రం మసక వెలుతురులో ఎక్కువగా దాటుతాయి. ఒకటి దాటిందంటే వెనుక ఇంకోటి ఉందనే లెక్క. జింక అడ్డం వస్తే స్టీరింగ్ తిప్పకుండా గట్టిగా బ్రేక్ వేయండి. పక్కకు తిప్పినవాళ్లు కాలువలోనో ఎదురు లారీ కిందో పడతారు. మూస్ సంగతి వేరు. పొడుగు కాళ్ల మీద ఒళ్లంతా ముదురు రంగు, కళ్లు హెడ్‌లైట్ వెలుగుకు పైన ఉంటాయి కాబట్టి మెరిసి కనిపించవు. గుద్దితే శరీరం బానెట్ మీదుగా అద్దంలోకి వస్తుంది. జూన్‌లో సూర్యుడు రాత్రి 9 దాటాకే అస్తమిస్తాడు కాబట్టి పగలే బోలెడంత సమయం ఉంటుంది.

*ప్రశ్న: మాకు సెలవు సెప్టెంబరు చివరన. అప్పుడు చూడటానికేముంది?*

జవాబు: పక్షులు. రెజైనాకు వాయవ్యంగా లాస్ట్ మౌంటెన్ సరస్సు ఉత్తర కొసకు వెళ్లండి. 1887లో పక్షుల కోసం కేటాయించిన ఈ చోటు ఉత్తర అమెరికాలోనే మొదటి ప్రభుత్వ పక్షి రక్షిత ప్రాంతం. శాండ్‌హిల్ క్రేన్లు, స్నో గూస్ బాతులు వేలల్లో దిగుతాయి. తెల్లవారుజామున నీటి నుంచి లేచి కోత కోసిన పొలాలకు పోతాయి, సాయంత్రం తిరిగొస్తాయి. కాబట్టి సూర్యోదయానికి అరగంట ముందే సరస్సు ఒడ్డున ఉండాలి. గుంపులో బాగా పెద్దగా, ఒళ్లంతా తెల్లగా, రెక్క కొసలు మాత్రం నల్లగా ఉన్న పక్షి కనిపిస్తే అది అరుదైన వూపింగ్ క్రేన్ కావచ్చు. స్నో గూస్‌కూ రెక్క కొసలు నల్లనే. అందుకే పొడుగు మెడ, ఎగిరేటప్పుడు తోక దాటి వెనక్కి చాచిన కాళ్లు చూసి నిర్ధారించుకోండి. కారు దిగితే లేచిపోతాయి, కిటికీలోంచే చూడండి.